కాగితం మీద ఎవరి పేరుంది? యుద్ధ శిబిరాల కొలువులపై పాఠకుల ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి. అదే ‘క్యాంపు పని’. విదేశీ సైన్యానికి సరుకు తోలడం, వండి పెట్టడం, బట్టలుతకడం, జనరేటర్లు చూడటం లాంటి సివిలియన్ కొలువులు. వలస చట్టాలు, బీమా క్లెయిముల మీద పనిచేసేవారు వీటికి జవాబులిస్తున్నారు. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: ట్రైలర్ తోలుతాను. కువైట్‌లో క్యాంపు ట్రైలర్ పని ఉందని ఏజెంటు అంటున్నాడు. వీసా కువైట్ కంపెనీదట, అవసరమైతే ఇరాక్ కూడా వెళ్లాలట. ఇది మిలిటరీ ఉద్యోగమా, మామూలు ఉద్యోగమా? పట్టుబడితే నన్ను ఎవరి కింద లెక్కేస్తారు?
డ్రైవర్, బరంపురం

జవాబు: మీరు సైనికుడు కారు, అలాగని మామూలు గల్ఫ్ డ్రైవరూ కారు. అమెరికా సైన్యం 1985లో పెట్టిన లాగ్‌క్యాప్ అనే పథకం కింద వంట, వసతి, రవాణా, ఇంధనం పనులను కంపెనీలకు అప్పగిస్తోంది. పెద్ద కంపెనీ కాంట్రాక్టు తీసుకుంటుంది. దాని కింద సబ్ కాంట్రాక్టరు, ఆయన కింద మనుషుల్ని సరఫరా చేసే కువైట్ లేదా దుబాయ్ సంస్థ, ఆ కింద ముంబై ఏజెంటు. మీ ఊరు వచ్చి టీ తాగి వెళ్లినవాడు అందరికంటే కిందివాడు. పైనున్న కాంట్రాక్టు నంబరు అతను ఎప్పుడూ చూసి ఉండడు. మీకు మాత్రం కావలసింది ఆ నంబరే.

1949 నాటి మూడో జెనీవా ఒప్పందం 4వ అధికరణంలో మీలాంటివారి ప్రస్తావన ఉంది. సైన్యంలో సభ్యులు కాకుండా సైన్యం వెంట ఉండేవారు, అంటే సరఫరా కాంట్రాక్టర్లు, కార్మిక దళాలవారు, సైనికుల బాగోగులు చూసే సేవకులు శత్రుసైన్యానికి చిక్కితే యుద్ధఖైదీ హోదా దక్కుతుంది. అందుకు ఆ సైన్యం అనుమతి ఉండాలి, ఆ సైన్యమే గుర్తింపు కార్డు ఇవ్వాలి. అయితే ఈ హోదా దేశానికీ దేశానికీ మధ్య జరిగే యుద్ధంలోనే వర్తిస్తుంది. ముసుగు వేసుకొచ్చిన ముఠా ఏ కార్డూ చూడదు. 2004 జూలైలో ఇరాక్‌లో ఒక కువైట్ రవాణా సంస్థ డ్రైవర్లను, ముగ్గురు భారతీయులు, ముగ్గురు కెన్యావాళ్లు, ఒక ఈజిప్టు దేశస్థుణ్ణి ఎత్తుకుపోయింది అలాంటి ముఠాయే. సెప్టెంబరు 1న వాళ్లు విడుదలయ్యారు. ఆ ఏడాదే మన ప్రభుత్వం పాస్‌పోర్టుల మీద ‘ఇరాక్ ప్రయాణానికి చెల్లదు’ అని ముద్ర వేయడం మొదలుపెట్టింది.

అమెరికా కాంట్రాక్టయితే మీ పేరు మీద లెటర్ ఆఫ్ ఆథరైజేషన్, అంటే అనుమతి పత్రం రావాలి. వాళ్ల స్పాట్ అనే కంప్యూటర్ వ్యవస్థలో పేరు ఎక్కాకే అది తయారవుతుంది. అందులో కాంట్రాక్టు నంబరు, పని గడువు, ఏ దేశాల్లో తిరగవచ్చు, సైన్యం భోజనశాల, బస, వైద్యం, విమానం, రక్షణ కవచం వీటిలో మీకేవి వర్తిస్తాయి అన్నీ ఉంటాయి. అందులో ఇరాక్ పేరు లేకుండా ట్రైలర్ సరిహద్దు దాటమంటే ఎక్కకండి. ఆ లెటరు లేనివాడు గాయపడితే ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలన్న దగ్గరే తగువు మొదలవుతుంది. లెటరు చేతికందగానే ఫోటో తీసి ఇంటికి పంపండి. మీ ఫోను క్యాంపు గేటు దగ్గర ఎవరైనా లాక్కోవచ్చు, ఇంట్లో ఉన్న ఫోటోను లాక్కోలేరు.

‘వీసా ఒక దేశానికి, పని మరో దేశంలో’ అన్నది పాత మోసం. 2004 ఆగస్టులో ఇరాక్‌లో హత్యకు గురైన 12 మంది నేపాలీలు జోర్డాన్‌లో కొలువని నమ్మి బయల్దేరినవాళ్లే.

ప్రశ్న: ఏజెంటు లక్షా ఎనభై వేలు అడుగుతున్నాడు. ‘క్యాంపు పని కాబట్టి రేటు ఎక్కువ’ అంటున్నాడు. ఎంత వరకు ఇవ్వొచ్చు?
గుణుపురం, పర్లాకిమిడి, ఛత్రపురం నుంచి పలువురు

జవాబు: 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు సేవారుసుముగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ తీసుకోవచ్చు. మొత్తం 35,400. అంతకు మించితే నేరం. అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు కింద పని అయితే ఇదీ ఇవ్వక్కర్లేదు. మనుషుల అక్రమ రవాణాను అడ్డుకునే వాళ్ల కొనుగోలు నిబంధనలు 2015లో బిగిశాయి. వాటి ప్రకారం కార్మికుడి దగ్గర నియామక రుసుము పేరిట ఒక్క డాలరూ తీసుకోకూడదు. ‘క్యాంపు పని కాబట్టి ఎక్కువ’ అనేవాడు లెక్కను తలకిందులు చేస్తున్నాడు. క్యాంపు పని కాబట్టే సున్నా.

ముందు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు లైసెన్సు నంబరు వెతకండి. లైసెన్సు ఉన్న సంస్థ తరఫున ఊళ్లు తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో చోటు లేదు. అతను చూపే లైసెన్సు కాపీ అసలైనదే కావచ్చు, అది మాత్రం అతనిది కాదు. కాబట్టి పోర్టల్‌లో ఉన్న ఆఫీసు నంబరుకు మీరే ఫోన్ చేసి, ఫలానా కొలువుకు ఫలానా యజమాని నుంచి డిమాండ్ లెటర్ (మనుషులు కావాలని రాసే పత్రం) వచ్చిందా అని అడగండి. డబ్బు ఇవ్వాల్సి వస్తే సంస్థ ఖాతాకే బ్యాంకు ద్వారా వేసి రసీదు తీసుకోండి. ఫోన్‌పేలో ఎవరి బావమరిది నంబరుకో పంపితే ఆ తర్వాత పోలీసు స్టేషన్లో చూపడానికి ఏమీ మిగలదు.

పదో తరగతి పాస్ కానివారికి సాధారణంగా ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టు వస్తుంది. కువైట్, ఇరాక్, జోర్డాన్, అఫ్గానిస్తాన్ సహా 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లడానికి వీరికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. దాంతోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన చేయించాలి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పైన పన్ను. ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షలు. యుద్ధం వల్ల జరిగిన నష్టాన్ని మినహాయించారేమో పాలసీ పత్రంలో చదివించుకోండి. ఎల్‌ఐసీ పాలసీలకూ ఇదే మాట.

క్లియరెన్స్ తప్పించుకోవడానికి విజిటింగ్ వీసా మీద పంపే దారి ఒకటుంది. ఆ దారిన వెళ్లినవాడి పేరు మన ప్రభుత్వం దగ్గర కార్మికుడిగా ఎక్కడా ఉండదు. అక్కడ యుద్ధం ముదిరినప్పుడు రాయబార కార్యాలయం తయారుచేసే జాబితాలోనూ ఉండదు.

ప్రశ్న: మా తమ్ముడు ఆయిల్ ట్యాంకరు తోలుతున్నాడు. ఒక్కోసారి మందుగుండు పెట్టెలు కూడా వేస్తారట. సివిలియన్ని కొట్టకూడదని రూలు ఉందంటున్నాడు. నిజమేనా?
అన్న, రాయగడ

జవాబు: సగం నిజం. సివిలియన్ నేరుగా పోరులో పాలుపంచుకోనంతసేపు అతన్ని గురిచూసి కొట్టకూడదు. కానీ అతను తోలే సైన్యం ట్యాంకరు సైనిక లక్ష్యమే. దాన్ని కొట్టడం యుద్ధచట్టంలో తప్పు కాదు, అందులో మీ తమ్ముడు కూర్చుని ఉన్నా సరే. మందుగుండు విషయంలో గీత ఎక్కడుందో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 2009లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో చెప్పింది. ఫ్యాక్టరీ నుంచి రేవుకో, గోదాముకో తోలితే అది పోరులో నేరుగా పాల్గొనడం కాదు. కాల్పులు జరుగుతున్న చోటికి, తుపాకీ పక్కకే చేరవేస్తే పాల్గొన్నట్టే. ఆ పని చేస్తున్నంతసేపు రక్షణ పోతుంది. అందుకే ‘ముందు పోస్టు దాకా ఒక్క ట్రిప్పు’ అన్న మాటకు కాంట్రాక్టులో చోటుందో లేదో బయల్దేరకముందే తేల్చుకోవాలి, దారి మధ్యలో కాదు.

మిగతావి అలవాట్ల సంగతి. సైనికుల యూనిఫాం, పాత చొక్కా అయినా సరే, వేసుకోకూడదు. రాతపూర్వక అనుమతి లేకుండా తుపాకీ ముట్టుకోకూడదు, సరదాగా పట్టుకుని ఫోటో దిగడం కూడా వద్దు. పట్టుబడినప్పుడు ఆ ఫోటో ఒక్కటి చాలు, డ్రైవరన్న మాట ఎవరూ నమ్మరు. కాన్వాయ్ సమయం, దారి, వరుసలో ఎన్ని బళ్లున్నాయో ఇంటికి వాట్సాప్‌లో చెప్పొద్దు.

రక్షణ కవచం, హెల్మెట్ కంపెనీ ఇవ్వాలి, జీతంలో కోయకూడదు. కవచం ఇచ్చాక లోపలి పలకలు ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూడాలి. గుడ్డ కవచం పెంకుముక్కల్ని ఆపుతుంది, రైఫిల్ గుండును ఆపేది గట్టి పలకే. ముందు, వెనక రెండూ ఉండాలి. పై అంచు గొంతు కింది గుంట దగ్గరికి రావాలి. మనవాళ్ల ఒడ్డూ పొడుగూ చూడకుండా పెద్ద సైజు తగిలిస్తే కూర్చున్నప్పుడు అది పైకి ఎగదన్ని గడ్డానికి తగులుతుంది, డ్రైవరు విసుగెత్తి తీసి సీటు వెనక పడేస్తాడు. గాయాలు అప్పుడే అవుతాయి. బరువు పది కిలోల చిల్లర ఉంటుంది, కువైట్ ఎండలో మోయడం కష్టమే. అందుకే క్యాబిన్ ఏసీ పనిచేయని బండిని తీసుకోనని చెప్పడం సుకుమారం కాదు.

ప్రశ్న: మా ఆయన క్యాంపు వంటశాలలో పనిచేసేవారు. రాత్రి పడుకుని ఉండగా రాకెట్ పడి పోయారు. కంపెనీ శవాన్ని పంపింది, మిగిలిన జీతమిచ్చింది. డ్యూటీలో లేరు కాబట్టి ఇంకేమీ రాదంది. ఇద్దరు పిల్లలు. ఒక తెల్ల కాగితం మీద సంతకం చేయమంటున్నారు.
ఒక సోదరి, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, సంతకం చేయకండి. అది అమెరికా సైన్యం క్యాంపయితే మీకు వచ్చేది ఉంది. ‘డ్యూటీలో లేరు’ అన్న మాట ఇక్కడ నిలవదు.

అమెరికాలో 1941 నుంచి డిఫెన్స్ బేస్ యాక్ట్ అనే చట్టం ఉంది. ఆ దేశపు సైనిక స్థావరాల్లో, సైనిక కాంట్రాక్టుల్లో విదేశాల్లో పనిచేసేవారందరికీ కంపెనీ బీమా చేయించాలి. కార్మికుడు ఏ దేశస్థుడైనా ఒకటే. దానికి తోడుగా 1942లో వార్ హజార్డ్స్ కాంపెన్సేషన్ యాక్ట్ వచ్చింది. రాకెట్, మోర్టార్, బాంబు వంటి యుద్ధ ప్రమాదంలో పోతే, ఆ క్షణాన పని చేస్తున్నారా, పడుకున్నారా అన్నది అది చూడదు. పైగా ఇలాంటి మరణాల్లో బీమా కంపెనీ చెల్లించిన సొమ్మును అమెరికా ప్రభుత్వం దగ్గర తిరిగి రాబట్టుకోవచ్చు. అయినా ఎగ్గొట్టాలని చూస్తారెందుకంటే, అడిగేవాళ్లు తక్కువ కనుక.

ఎంత వస్తుంది? భార్య ఒక్కరే ఉంటే భర్త సగటు వారపు సంపాదనలో సగం. భార్యతో పాటు పిల్లలుంటే మూడింట రెండు వంతులు. ఆయనకు నెలకు 600 డాలర్లు అనుకుంటే ఏడాదికి 7,200, అందులో మీకు ఏడాదికి 4,800 డాలర్లు. ఇందులో ఓవర్‌టైం కూడా కలుస్తుంది. కంపెనీ కేవలం మూల జీతం చూపితే ఒప్పుకోవద్దు. పాత జీతం స్లిప్పులు, బ్యాంకు పుస్తకం దాచుకోవలసింది అందుకే. భార్యకు జీవితాంతం, మళ్లీ పెళ్లి చేసుకుంటే రెండేళ్ల మొత్తం ఒకేసారి ఇచ్చి ఆపేస్తారు. పిల్లలకు 18 ఏళ్ల దాకా, చదువుకుంటుంటే 23 దాకా. అంత్యక్రియలకు 3,000 డాలర్ల వరకు వేరుగా వస్తుంది. ఒక అన్యాయమూ ఉంది. అమెరికాలో నివసించని విదేశీయులకు, ముందు ముందు రావలసిన మొత్తాన్ని లెక్కగట్టి అందులో సగమే ఒకేసారి ఇచ్చి ముగించే వీలు ఈ చట్టంలో ఉంచారు. ‘ఇంతే మీకు వచ్చేది’ అని బీమావాళ్లు చెప్పే అంకె చాలాసార్లు ఈ సగమే. ఏ లెక్క ప్రకారమో రాతలో అడగండి.

తెల్ల కాగితం, స్టాంపు కాగితం ఏదైనా, అమెరికా కార్మిక శాఖ అధికారి గానీ అక్కడి న్యాయాధికారి గానీ ఆమోదించని రాజీ చెల్లదు. అయినా సంతకం పెట్టాక దాన్ని కాదనిపించుకోవడానికి ఏళ్లు పడుతుంది.

మరణ క్లెయిముకు ఫారం ఎల్ఎస్-262. అమెరికా కార్మిక శాఖకు చేరాలి. ప్రమాదం జరిగిందన్న నోటీసు ఎల్ఎస్-201 ముప్ఫై రోజుల్లో, క్లెయిము ఏడాదిలో పెట్టాలి. ఏడాది దాటిపోయినా ఆశ వదులుకోనక్కర్లేదు. ప్రమాదం తెలిసిన పది రోజుల్లో కంపెనీ ఎల్ఎస్-202 అనే నివేదిక పంపాలి. అది పంపేదాకా మీ గడువు మొదలైనట్టే కాదు. సబ్ కాంట్రాక్టరు బీమానే చేయించకపోతే పైనున్న కాంట్రాక్టరు బాధ్యుడు. అందుకే మొదటి జవాబులో కాంట్రాక్టు నంబరు, లెటరు అని అంతగా చెప్పింది. అవి లేకపోతే ఏ బీమా కంపెనీని అడగాలో తెలుసుకోవడానికే నెలలు పోతాయి.

అమెరికా లాయరు దొరికితే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ కేసుల్లో ఫీజు అధికారులు ఆమోదించాలి, కేసు గెలిస్తే చాలావరకు ఎదుటి పక్షమే కడుతుంది. ముందుగా డబ్బు గానీ, వచ్చినదాంట్లో ముప్పై శాతం గానీ అడిగితే ఆ మనిషి దారి తప్పుతున్నాడు.

మన జిల్లాల్లో కాగితాలు ఎక్కడ ఆగుతాయో చెప్పాలి. పెళ్లి రిజిస్టరై ఉండదు. తహసీల్దారు ఇచ్చే వారసుల ధ్రువపత్రం ఒడియాలో ఉంటుంది. పుట్టిన తేదీ పత్రంలో ఇంటిపేరు ముందుంటే, ఆధార్‌లో చివర ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరంతా ఒకే గడిలో ఉంటుంది. ఒడియాలోంచి ఇంగ్లిషులోకి రాసినప్పుడు ‘వెంకట’ ‘బెంకట’ అవుతుంది. ఇంట్లో అందరికీ ఆయన ఒకరే, అక్కడ ఫైలు చూసే మనిషికి మాత్రం ముగ్గురు. కాబట్టి ముందు పేర్లన్నీ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ చేయించండి. వారసుల పత్రం, పెళ్లి పత్రం, పిల్లల జనన పత్రాలు ఇంగ్లిషులోకి తర్జుమా చేయించి, రాష్ట్ర హోం శాఖ ధ్రువీకరణ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేందుకు వేసే ముద్ర) వేయించండి. మరణ ధ్రువపత్రం అక్కడి ప్రభుత్వానిది కావాలి. శవంతో వచ్చిన కాగితాల కట్టలో అది ఉంటుంది, ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి.

పెళ్లి కాని కుర్రాళ్లకు ఒక మాట. భార్యాపిల్లలు లేకపోతే తల్లిదండ్రులకు వస్తుంది, అయితే ప్రమాదానికి ముందు ఏడాది పాటు వాళ్లను పోషించినట్టు రుజువుండాలి. హవాలాలో పంపిన డబ్బుకు రుజువు లేదు. నెలకు కొంతైనా అమ్మ బ్యాంకు ఖాతాలోకి వెయ్యండి. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఈ చట్టం కింద ఏమీ రాదు.

ప్రశ్న: క్యాంపులో చెత్త తగలబెట్టే గుంట దగ్గర రెండేళ్లు పనిచేసి వచ్చాను. మెట్లెక్కితే ఆయాసం. ఇప్పుడు అడగొచ్చా?
జయపురం

జవాబు: అమెరికా క్యాంపయితే పైన చెప్పిన డిఫెన్స్ బేస్ యాక్ట్ కిందే అడగొచ్చు. పని వల్ల వచ్చిన జబ్బుకు గడువు క్యాంపు వదిలిన రోజు నుంచి కాదు, జబ్బుకూ పనికీ సంబంధం ఉందని మీకు తెలిసిన రోజు నుంచి రెండేళ్లు. ఫారం ఎల్ఎస్-203. ఛాతీ నిపుణుడి దగ్గర స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పరీక్ష) చేయించి, ఏ పొగ, ఎన్నాళ్లు, గుంటకు ఎంత దూరంలో అన్నది డాక్టరు చేత రాయించండి. ‘ఆస్తమా’ అని ఒక్క మాట రాసిన చీటీ పనికిరాదు. ఇక వెళ్లబోయేవారు బయల్దేరే ముందే స్పైరోమెట్రీ, వినికిడి పరీక్ష చేయించి దాచుకుంటే, వచ్చాక పోల్చడానికి ఉంటుంది. జనరేటర్ల దగ్గర పనిచేసేవారికి చెవి పరీక్ష మరీ ముఖ్యం.

ప్రశ్న: రష్యా సైన్యంలో ‘హెల్పర్’ పని, నెలకు రెండు లక్షలు అంటున్నారు. యుద్ధానికి పంపరట.
కోరాపుట్

జవాబు: వద్దు. పైన చెప్పినవన్నీ కంపెనీతో ఒప్పందం ఉన్నవారికి. ఇక్కడ ఒప్పందం నేరుగా సైన్యంతో, అదీ రష్యన్ భాషలో. దాని మీద సంతకం చేశాక ఏజెంటు ఏ పేరు పెట్టినా మీరు సైనికుడే, ఎక్కడికి పంపాలో కమాండరు ఇష్టం. ఇలా వెళ్లిన భారతీయులు యుద్ధరంగంలో చనిపోయారు. 2024 మార్చిలో సీబీఐ ఇలాంటి ముఠాల మీద కేసు పెట్టి పలు నగరాల్లో సోదాలు చేసింది, విదేశాంగ శాఖ కూడా దూరంగా ఉండమని హెచ్చరించింది.

ప్రశ్న: మా ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధంలో బస్రా వెళ్లి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకుంటారు. సిపాయి కాదు, కూలీ. ఎక్కడ వెతకాలి?
ఇచ్ఛాపురం సరిహద్దు నుంచి, గంజాం జిల్లా

జవాబు: ఆ యుద్ధానికి భారతదేశం నుంచి పోరాడే సిపాయిలు కాక, కూలీలు, హమాలీలు, గాడిద తోలేవారు, వంటవారు, పాకీవారు కలిపి సుమారు 5.6 లక్షల మందిని చేర్చుకున్నారు. వీరి పేర్లు సరిగా రాసిపెట్టలేదు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ 2021లో తానే వేయించిన విచారణలో, కనీసం 1,16,000 మంది మృతులకు, బహుశా 3,50,000 మంది వరకు, పేరుతో గుర్తింపు దక్కలేదని ఒప్పుకుంది. అందులో ఎక్కువ మంది ఆఫ్రికా, మధ్యప్రాచ్య రంగాల్లో పోయినవారు.

ముందు ఆ సంస్థ వెబ్‌సైటులో పేరు వెతకండి, ఇంటిపేరు లేకుండా, నాలుగైదు రకాల స్పెల్లింగులతో. దొరకకపోతే గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉందని గుర్తుంచుకోండి. కటక్‌లో, భువనేశ్వర్‌లో కాదు, చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో అడగాలి. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డులు రెండో చోటు.

ప్రశ్న: పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకుంది. అడిగితే భద్రత కోసం అంటోంది. గడువు అయ్యాక టికెట్ కూడా నన్నే కొనుక్కోమంది.
కువైట్ నుంచి ఒక పాఠకుడు, సొంతూరు గుణుపురం

జవాబు: మీది అమెరికా కాంట్రాక్టు కింద పని అయితే, రెండూ దాని నిబంధనలకు విరుద్ధం. పాస్‌పోర్టు ఉంచుకోకూడదు, బయటి దేశం నుంచి తెచ్చినవారిని పని ముగిశాక తిరిగి పంపే ఖర్చు కంపెనీదే. ముందు రాతలో అడగండి, వాట్సాప్ సరిపోతుంది, తేదీ పడుతుంది. ఇవ్వకపోతే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు వేసి, ఆ నంబరుతో కువైట్‌లోని మన రాయబార కార్యాలయానికి వెళ్లండి. ఇంటివాళ్లు ఇక్కడి నుంచి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090కి చేయవచ్చు. పైనున్న అమెరికన్ కాంట్రాక్టరుకు కూడా అదే ఫిర్యాదు పంపండి. సబ్ కాంట్రాక్టరు మన రాయబారి ఉత్తరానికి కదలకపోవచ్చు గానీ, కాంట్రాక్టు పోతుందంటే ఆ సాయంత్రమే పాస్‌పోర్టు బయటికి తీస్తాడు.